అనుసంధాన వాహనాల్లో అజ్ఞాత ప్రామాణీకరణ

దారిలో నడిచే వాహనాలు తమలో తాము, రోడ్డు పక్కన అమర్చిన పరికరాలతోనూ రేడియో సందేశాలతో మాట్లాడుకునే వ్యవస్థను అనుసంధాన వాహనజాలం అంటారు. ముందు వెళ్తున్న కారు గట్టిగా బ్రేకు వేసిన సంగతి వెనక మూడో కారుకు కూడా క్షణంలో తెలియడం దీని ప్రయోజనం. ఆ మాట నిజమైన వాహనం నుంచే వచ్చిందనీ, మధ్యలో ఎవరూ దాన్ని మార్చలేదనీ వినేవాళ్లకు రుజువు కావాలి. కానీ ఆ వాహనం ఎవరిదో, నిన్న ఎక్కడెక్కడ తిరిగిందో వాళ్లకు తెలియకూడదు. ఈ రెండింటినీ కలిపి సాధించే పద్ధతులను అజ్ఞాత ప్రామాణీకరణ అంటారు.

మామూలు ప్రామాణీకరణ ‘నువ్వెవరు?’ అని అడుగుతుంది. ఇక్కడ అడిగేది ‘ఎవరివైనా సరే, ఈ మాట చెప్పే అర్హత నీకుందా?’ అని. ఇరవై ఏళ్లకు పైబడిన ఈ పరిశోధనలో గణితం కంటే మొండి ప్రశ్న ఒకటుంది: అజ్ఞాతం ఎవరి నుంచి? పక్క డ్రైవరు నుంచా, రోడ్డు పక్కన రేడియో పెట్టుకుని వినేవాడి నుంచా, సర్టిఫికెట్ ఇచ్చిన సంస్థ నుంచా, ప్రభుత్వం నుంచా? ఒక్కో పద్ధతి ఈ ప్రశ్నకు చెప్పుకున్న జవాబును బట్టే దాని నిర్మాణం ఉంటుంది.

గాలిలో ఏం వెళ్తుంది

అమెరికా సమాచార నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ 1999లో 5.9 గిగాహెర్ట్జ్ దగ్గర 75 మెగాహెర్ట్జ్ స్పెక్ట్రమ్‌ను వాహన సమాచారానికి కేటాయించింది. అందులో నడిచే వైఫై తరహా ప్రమాణం 802.11పీ 2010లో వచ్చింది. సెల్‌ఫోన్ సాంకేతికత నుంచి పుట్టిన దాని పోటీదారు సీ-వీటూఎక్స్ 2017లో మొబైల్ ప్రమాణాల కూటమి 3జీపీపీ 14వ విడుదలతో ఖరారైంది. ఏళ్ల తరబడి స్పెక్ట్రమ్ దాదాపు ఖాళీగా పడి ఉండడంతో 2020లో ఎఫ్‌సీసీ 45 మెగాహెర్ట్జ్‌ను వైఫై వంటి వాటికి ఇచ్చేసి, మిగిలిన 30ని సీ-వీటూఎక్స్‌కు ఉంచింది. రేడియో ఏదైనా అమెరికాలో దాని పైన ఉండే భద్రతా ప్రమాణం ఒకటే: ఐఈఈఈ 1609.2.

ఎస్‌ఏఈ జే2735 ప్రమాణం నిర్వచించిన ‘ప్రాథమిక భద్రతా సందేశం’ సెకనుకు 10 సార్లు వెలువడుతుంది. వాహనం ఉన్న చోటు, వేగం, దిశ, త్వరణం, బ్రేకుల స్థితి, పొడవు, వెడల్పు అందులో ఉంటాయి. సుమారు 300 మీటర్ల దాకా అందుతుంది. దీన్ని సంకేతలిపిలో దాచడానికి వీల్లేదు; ఎన్నడూ ఎదురుపడని వాహనం కూడా అప్పటికప్పుడు చదవగలిగితేనే దీనివల్ల ఉపయోగం. అందుకే ఇక్కడ భద్రత భారమంతా డిజిటల్ సంతకం మీద పడింది.

సంతకాలకు వాడేది దీర్ఘవృత్త వక్రాల గణితం మీద నిలిచిన ఈసీడీఎస్‌ఏ. పీ-256 వక్రం మీద ఒక్కో సంతకం 64 బైట్లు. పరిసరాల్లో 100 వాహనాలుంటే సెకనుకు 1,000 సంతకాలు సరిచూడాలి. ప్రతి సందేశంతోనూ పూర్తి సర్టిఫికెట్ పంపితే గాలిలో రద్దీ పెరుగుతుంది కాబట్టి సెకనుకు ఒకటి రెండు సార్లే దాన్ని జత చేస్తారు, మిగతావాటితో దాని హ్యాష్ ముక్క మాత్రం వెళ్తుంది. అప్పుడే దగ్గరికొచ్చిన వాహనం పూర్తి సర్టిఫికెట్ అందేదాకా ఆ సందేశాలను నమ్మలేదు. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో అర సెకనంటే దాదాపు 14 మీటర్లు.

నంబర్ ప్లేటు అందరికీ కనిపిస్తూనే ఉంది కదా, ఇంత జాగ్రత్త ఎందుకని అడిగేవాళ్లున్నారు. అడగదగ్గ ప్రశ్నే. ప్లేటు చదవాలంటే కెమెరాకు ఎదురుగా, వెలుతురులో, దగ్గరగా ఉండాలి. రేడియో చీకట్లోనూ, మలుపు అవతల నుంచీ వినిపిస్తుంది. పైగా స్థానాన్ని అక్షాంశ రేఖాంశాలతో సహా తనే చెప్పేస్తుంది. 2015లో నెదర్లాండ్స్‌లోని ట్వెంటె విశ్వవిద్యాలయ ప్రాంగణంలో జరిగిన ప్రయోగంలో రెండు కూడళ్ల దగ్గర మాత్రమే వినే పరికరాలు పెట్టారు. ప్రాంగణ భద్రతా సిబ్బంది వాడే వాహనం ఏ భాగంలో తిరుగుతోందో పరిశోధకులు 78 శాతం సందర్భాల్లో చెప్పగలిగారు. ప్రయాణపు జాడ పేరు లేకుండా దొరికినా సరిపోతుంది. ఫోన్ల సమాచారం మీద ఈవ్-అలెగ్జాండర్ ద మోంజోయ్ బృందం 2013లో చేసిన అధ్యయనంలో, ఏ సమయానికి ఎక్కడున్నారన్నది నాలుగు బిందువులు తెలిస్తే చాలు, 15 లక్షల మందిలో 95 శాతాన్ని విడిగా గుర్తించవచ్చని తేలింది. రాత్రి కారు ఆగే చోటు, పగలు ఆగే చోటు తెలిస్తే ఇక పేరుతో పనేముంది?

మారుపేర్ల పుట్టుక

స్విట్జర్లాండ్‌లోని సాంకేతిక విశ్వవిద్యాలయం ఈపీఎఫ్‌ఎల్‌లో మాక్సిమ్ రాయా, జాన్-పియర్ హూబో 2005 నుంచి రాసిన పత్రాలు ఈ రంగానికి పునాది వేశాయి. వాళ్ల ప్రతిపాదన సూటిగా ఉంటుంది. వాహనానికి ఒకే సర్టిఫికెట్ బదులు వేల సంఖ్యలో మారుపేరు సర్టిఫికెట్లు ముందే ఇచ్చేయాలి, దేని మీదా యజమాని పేరు ఉండకూడదు, నిమిషానికొకటి చొప్పున మార్చుకుంటూ పోవాలి. రోజుకు రెండు గంటల ప్రయాణం అనుకుంటే ఏడాదికి 43,800 సర్టిఫికెట్లు. దాచుకోవడం కష్టమేమీ కాదు. చిక్కు రద్దు చేయడంలో వచ్చింది. ఒక్క కారు చెడిపోయినా, దాని సంతకపు తాళాలు (కీలు) దొంగ చేతికి చిక్కినా, ఈ 43,800నూ రద్దు జాబితాలో రాసి ఊళ్లోని వాహనాలన్నిటికీ పంచాలి. అదీగాక వాటన్నిటినీ జారీ చేసిన సంస్థకు ఏ మారుపేరు ఎవరిదో పూర్తిగా తెలుసు. వీధిలో దక్కిన అజ్ఞాతం ఆ సంస్థ దగ్గర మాయమవుతుంది.

ఎవరికీ పూర్తిగా తెలియని ఏర్పాటు

దీనికి ఇప్పటిదాకా వచ్చిన జవాబుల్లో అత్యంత వివరమైనది అమెరికా రవాణా శాఖ, కార్ల కంపెనీల కూటమి కాంప్ కలిసి తీర్చిన సర్టిఫికెట్ల నిర్వహణ వ్యవస్థ ఎస్‌సీఎంఎస్. విలియం వైట్, ఆండ్రే వైమర్‌స్కిర్క్, వీరేంద్ర కుమార్, థార్‌స్టెన్ హేన్ 2013లో దీని రూపురేఖలు ప్రచురించారు. అందులో వాహనానికి వారానికి 20 మారుపేరు సర్టిఫికెట్లు. మూడేళ్లకు ముందుగా నింపుకుంటే మొత్తం 3,120. ఆ ఇరవైనీ తిప్పి తిప్పి వాడుకోవచ్చు, వారం దాటాక చెల్లవు.

తెలివంతా వాటిని జారీ చేసే తీరులో ఉంది. వాహనం అసలు గుర్తింపును చూసే నమోదు సంస్థ వేరు, మారుపేర్ల మీద సంతకం చేసే సంస్థ వేరు. పోస్టల్ బ్యాలెట్‌కు రెండు కవర్లున్నట్టే ఇదీను: పై కవరు చూసేవాళ్లకు పేరు తెలుస్తుంది, లోపలి కవరు విప్పేవాళ్లకు ఓటు తెలుస్తుంది, రెండూ ఒకరికే తెలియవు. నమోదు సంస్థ ఎన్నో వాహనాల అభ్యర్థనలను కలగలిపి, వరస చెదరగొట్టి సంతకపు సంస్థకు పంపుతుంది. అది సర్టిఫికెట్ తయారు చేసి, ఆ వాహనం ఒక్కటే విప్పగలిగేలా సంకేతలిపిలో చుట్టి తిరిగి ఇస్తుంది. చేరవేసే నమోదు సంస్థ కూడా లోపల ఏముందో చదవలేదు. వాహనం ఇంటర్నెట్‌లో కలిసినప్పుడు దాని నెట్‌వర్క్ చిరునామాను బట్టి ఊరు పట్టేయకుండా మధ్యలో మరో మధ్యవర్తి ఆ చిరునామాను తుడిచేస్తాడు.

వేల సర్టిఫికెట్లకు వేల తాళం జతలు వాహనమే తయారు చేసి పంపాలంటే పెద్ద పని. దాన్ని తప్పించే ఉపాయం పేరు సీతాకోకచిలుక తాళ విస్తరణ. వాహనం గొంగళిపురుగు తాళమనే ఒకే విత్తనాన్నీ, ఒక విస్తరణ సూత్రాన్నీ పంపుతుంది. వాటితో నమోదు సంస్థ ఎన్ని కావాలంటే అన్ని పట్టుగూడు తాళాలు తీస్తుంది. సంతకపు సంస్థ ఒక్కోదానికి తనకు మాత్రమే తెలిసిన యాదృచ్ఛిక సంఖ్యను కలిపి సీతాకోకచిలుకను వదులుతుంది. వక్రం మీది బిందువులను కూడవచ్చన్న చిన్న గుణం మీదే ఈ ఉపాయమంతా నడుస్తుంది. చివరి పబ్లిక్ కీ ఏదో నమోదు సంస్థకు తెలియదు, అది ఎవరిదో సంతకపు సంస్థకు తెలియదు, దానికి జతైన ప్రైవేట్ కీ వాహనానికి తప్ప మరెవరికీ తెలియదు. సావో పాలో విశ్వవిద్యాలయానికి చెందిన మార్కోస్ సింప్లిసియో బృందం తర్వాత దీన్ని ఇంకా సరళం చేసింది. ఆ ఏకీకృత రూపం 2020 నాటి ఐఈఈఈ 1609.2.1లో చోటు సంపాదించుకుంది.

రద్దు చిక్కుకు ఇచ్చిన పరిష్కారం నా దృష్టిలో ఇంకా అందమైనది. ప్రతి సర్టిఫికెట్‌లో చూడడానికి అర్థం లేని ఒక లంకె సంఖ్య ఉంటుంది. దాన్ని రెండు వేర్వేరు లంకె సంస్థలు చెరి సగం తయారు చేస్తాయి; రెండు భాగాలనూ ఎక్స్‌ఓఆర్ చేస్తేనే సంఖ్య వస్తుంది. ఒక్కో సంస్థ వాహనానికి వారానికో విత్తనం ఉంచుకుంటుంది, ఈ వారపు విత్తనం నుంచి వచ్చే వారం విత్తనం హ్యాష్ ద్వారా పుడుతుంది. హ్యాష్ ముందుకే నడుస్తుంది, వెనక్కు రాదు. వాహనాన్ని తొలగించాల్సి వస్తే ఆ వారానికి చెందిన రెండు విత్తనాలను జాబితాలో వేస్తే చాలు. వినేవాళ్లందరూ ఆ వారం నుంచి ముందున్న లంకె సంఖ్యలన్నీ తామే లెక్కగట్టుకుని ఆ వాహనాన్ని పక్కన పెడతారు. వేల వరసలు రాయాల్సిన చోట ఒకే నమోదు సరిపోయింది, తొలగించిన వాహనం గత ప్రయాణాలు కూడా గుట్టుగానే ఉండిపోయాయి. పూర్తిగా కాదు: రద్దయిన వారంలో అంతకుముందు గడిచిన రోజుల సందేశాలు మాత్రం ఒకదానికొకటి ముడిపడి బయటపడతాయి.

ఎవరిని తొలగించాలో తేల్చేది దుష్ప్రవర్తన విచారణ సంస్థ. వాహనాల నుంచి వచ్చిన ఫిర్యాదులను అది పరిశీలించి, మిగతా సంస్థలను ఒక్కో ముక్క అడుగుతుంది. నమోదు సంస్థ ఆ వాహనాన్ని తన లోపలి నిషేధ జాబితాలో చేర్చి ఇక సర్టిఫికెట్లు ఇవ్వదు. విచారణ చేసిన సంస్థకు కూడా యజమాని ఎవరో తెలియాల్సిన పని లేదు.

ఇదంతా ఒక షరతు మీద నిలిచింది: ఈ సంస్థలు చేతులు కలపకూడదు. గణితం ఆ షరతును కాపాడలేదు. వాటిని వేర్వేరు యాజమాన్యాల కింద ఉంచడం, చట్టం, ఆడిట్ కాపాడాలి. ఈ సంస్థలన్నిటినీ ఒకే కంపెనీ ఒకే భవనంలో నడిపితే కాగితం మీది విభజన ఏపాటిది? అజ్ఞాత ప్రామాణీకరణ గురించి రాసే సాంకేతిక పత్రాలు ఈ విషయాన్ని ఒక్క వాక్యంలో ఊహగా పేర్కొని సాగిపోతాయి. అసలు వ్యవస్థ బలమంతా ఆ వాక్యంలోనే ఉంది.

న్యూయార్క్, టాంపా, వయోమింగ్‌లలో 2015లో ఎంపికైన ప్రయోగాత్మక ప్రాజెక్టుల్లో ఇలాంటి సర్టిఫికెట్లు నిజం వాహనాల్లోకి వెళ్లాయి. కొత్త కార్లన్నిటిలో ఈ రేడియోను తప్పనిసరి చేయాలని అమెరికా రహదారి భద్రతా సంస్థ 2016 డిసెంబరులో ప్రతిపాదించింది. ఆ ప్రతిపాదనను 2023లో ఉపసంహరించుకుంది.

యూరప్ దారి

యూరప్‌లో టెలికాం ప్రమాణాల సంస్థ ఎత్సీ నిబంధనల ప్రకారం గుర్తింపు చూసే నమోదు సంస్థ, టికెట్లు ఇచ్చే అనుమతి సంస్థ విడివిడిగా ఉంటాయి. అక్కడ మారుపేరును అనుమతి టికెట్ అంటారు. వారానికి 100 దాకా ఒకేసారి చెల్లుతాయి, మూడు నెలలకు మించి ముందుగా నింపుకోకూడదు. వాహనాల టికెట్లకు రద్దు జాబితా లేదు. తప్పు చేసిన వాహనానికి కొత్త టికెట్లు ఆపేస్తారు, పాతవి వాటంతటవే కాలం చెల్లిపోతాయి. లంకె సంస్థలు, విత్తనాల బాదరబందీ తప్పింది. బదులుగా చెడ్డ వాహనం చేతిలోని టికెట్లు అయిపోయేదాకా మిగతావాళ్లు దాన్ని భరించాలి. 2019 చివర్లో వచ్చిన ఎనిమిదో తరం ఫోక్స్‌వాగన్ గోల్ఫ్ ఈ ఏర్పాటును సాధారణ కొనుగోలుదారుల దాకా తీసుకెళ్లింది.

సంతకాన్నే మార్చే ఆలోచనలు

మారుపేర్ల మూటలు మోసే బదులు సంతకమే అజ్ఞాతంగా ఉంటే? 1991లో డేవిడ్ చామ్, యూజీన్ వాన్ హేస్ట్ ప్రతిపాదించిన సమూహ సంతకంలో ‘ఈ గుంపులో ఎవరో ఒకరు సంతకం చేశారు’ అని మాత్రమే తెలుస్తుంది. అవసరమైతే గుంపు పెద్ద అది ఎవరిదో విప్పగలడు. బోనె, బోయెన్, షాచమ్ 2004లో దాన్ని చిన్నది చేశారు. 2007లో షియావోడాంగ్ లిన్ తదితరులు జీసిస్ పేరుతో వాహనాలకు మలిచారు. చూడడానికి మారుపేర్ల కంటే శుభ్రంగా ఉంటుంది. కానీ సరిచూడడానికి జతపరిచే లెక్కలు కావాలి, అవి మామూలు ఈసీడీఎస్‌ఏ కంటే చాలా బరువు. సెకనుకు వెయ్యి సందేశాలంటే కారులోని చిప్ మోయలేదు. గుంపులోంచి ఒకరిని తీసేసినప్పుడల్లా మిగతావాళ్ల లెక్కలు మారడం మరో తలనొప్పి.

ఆది షమీర్ 1984లో ఆలోచించిన గుర్తింపు ఆధారిత పద్ధతిలో సర్టిఫికెట్టే ఉండదు. అయితే తాళాలు పుట్టించే కేంద్రానికి అందరి ప్రైవేట్ కీలూ తెలిసిపోతాయి. దాన్ని సరిచేయడానికి 2003లో అల్-రియామీ, ప్యాటర్సన్ సర్టిఫికెట్ రహిత పద్ధతిని తెచ్చారు. వీటి మీద వాహనాల కోసం పత్రాలు కుప్పలు తెప్పలుగా వచ్చాయి. ఒక పత్రంలోని సంతకం నకిలీ చేయవచ్చని మరో పత్రం చూపడం, దాన్ని సవరిస్తూ మూడోది రావడం ఈ శాఖలో మామూలే. రోడ్డెక్కిన ప్రమాణాల్లో మాత్రం మారుపేర్లే మిగిలాయి.

పేరు మార్చినా మిగిలే ఆనవాలు

మారుపేరు ఎప్పుడు మార్చాలన్నది చూడడానికి చిన్న విషయం. నిజానికి అజ్ఞాతమంతా అక్కడే నిలబడుతుంది, అక్కడే కూలుతుంది. ఖాళీ రోడ్డు మీద ఒక్క కారే వెళ్తోంది. ఒక క్షణం దాని పేరు ఒకటి, పదో వంతు సెకను తర్వాత రెండు మూడు మీటర్ల ముందు మరో పేరు. వింటున్నవాడికి అనుమానమేముంటుంది? వీడర్స్‌హైమ్, మా, కార్గ్ల్, పాపాదిమిత్రాతోస్ 2010లో అదే చూపారు: పేరును ఎంత తరచుగా మార్చినా, రాడార్ రంగం నుంచి తెచ్చిన వెంబడింపు లెక్కలతో వాహనాన్ని దాదాపు తెగకుండా పట్టుకోవచ్చు.

అందుకే బెరెస్‌ఫోర్డ్, స్టాజానో 2003లో చెప్పిన మిశ్రమ మండలాల ఆలోచనను తెచ్చారు. కూడలిలోకి పది వాహనాలు వచ్చి, లోపల పేర్లు మార్చుకుని, నాలుగు వైపులా వెళ్తే ఏది ఏదో చెప్పడం కష్టం. కాసేపు మౌనంగా ఉండి మార్చుకోవడం ఇంకో దారి. ప్రమాదాలు ఎక్కువగా జరిగేది కూడళ్లలోనే, మౌనం పాటించమనేదీ అక్కడే! గోప్యతకు మంచిది ప్రాణానికి మంచిది కాని చోటు ఇది. అమెరికా ప్రమాణం ఎస్‌ఏఈ జే2945/1 రాజీ పడి, సుమారు ఐదు నిమిషాలకోసారి మార్చమంటుంది, ప్రమాద హెచ్చరిక నడుస్తుంటే మార్పును వాయిదా వేస్తుంది.

పేరుతో పాటు మారాల్సినవి ఇంకా ఉన్నాయి. రేడియో హార్డ్‌వేర్ చిరునామా, సందేశాల వరస సంఖ్య, తాత్కాలిక గుర్తింపు సంఖ్య, నడిచొచ్చిన దారి చరిత్ర, అన్నీ ఒకే క్షణంలో మారాలి. ఒక్కటి పాతదిగా మిగిలినా కొత్త పేరు వృథా. పొడవు, వెడల్పు ఎలాగూ మారవు. ఊళ్లో ఒకటే ఉన్న పొడవాటి ట్రెయిలర్ లారీకి ఎన్ని మారుపేర్లు ఇచ్చినా లాభం లేదు. వీటన్నిటికీ అవతల టైరు గాలి ఒత్తిడిని కొలిచే సెన్సర్లున్నాయి. ఒక్కోదానికి మారని సంఖ్య ఉంటుందనీ, 40 మీటర్ల దూరం నుంచి కూడా దాన్ని వినవచ్చనీ రట్గర్స్, సౌత్ కరోలినా విశ్వవిద్యాలయాల పరిశోధకులు 2010లో చూపించారు. బ్లూటూత్ సంగతి సరేసరి.

అర్హుడి అబద్ధం

సంతకం చెప్పేది ఒక్కటే: ఈ మాట సభ్యుడి దగ్గర నుంచి వచ్చింది. మాట నిజమో కాదో అది చెప్పదు. పాడైన జీపీఎస్ ఉన్న కారు కూడా చెల్లే సంతకంతోనే తప్పుడు స్థానాన్ని ప్రకటిస్తుంది. కావాలని చేసేవాడికి మారుపేర్లే ఆయుధం. వారానికి 20 సర్టిఫికెట్లు ఒకేసారి చెల్లితే, ఒక్క కారు 20 కార్లుగా నటించి లేని ట్రాఫిక్ జామ్ సృష్టించగలదు, యూరప్‌లో 100. దీన్ని సిబిల్ దాడి అంటారు, 2002లో జాన్ డూసర్ పత్రం నుంచి వచ్చిన పేరు. మారుపేర్లు ఎక్కువైతే గోప్యత పెరుగుతుంది, మోసానికి వీలూ పెరుగుతుంది. అందుకే తాళాలను విప్పడానికి వీల్లేని భద్రతా చిప్‌లో ఉంచి, ఒకసారి ఒక్కటే వాడనిస్తారు.

చిప్ మీదే ఆధారపడలేక, విన్నది నమ్మదగిందో కాదో వాహనం స్వయంగా తూచుకోవాలి: ఈ వేగం సాధ్యమేనా, చెప్పిన చోట కెమెరాకు ఏమైనా కనిపిస్తోందా, రెండు వాహనాలు ఒకే చోట ఉన్నట్టు చెబుతున్నాయా? ఇలాంటి పరీక్షలను పోల్చి చూసుకోవడానికి ఉల్మ్ విశ్వవిద్యాలయం 2018లో వెరెమీ అనే దత్తాంశాన్ని విడుదల చేసింది.

భారతదేశంలో

మన రోడ్ల మీద ఇప్పుడున్న ఎలక్ట్రానిక్ గుర్తింపులు అజ్ఞాతం కోసం కట్టినవి కావు. 2021 ఫిబ్రవరి నుంచి జాతీయ రహదారుల టోల్ గేట్ల దగ్గర తప్పనిసరైన ఫాస్టాగ్ మారని సంఖ్య గల రేడియో బిళ్ల. బస్సులు, ట్యాక్సీలకు వర్తించే ఏఐఎస్-140 ట్రాకింగ్ పరికరం రిజిస్ట్రేషన్ నంబరుతో సహా స్థానాన్ని సర్వర్‌కు పంపుతుంది. వాటి పనికి పేరు కావాలి, తప్పు లేదు. వాహనం నుంచి వాహనానికి ప్రసారం మొదలైతే అదే అలవాటును అక్కడికీ తేవడం ప్రమాదం. ఒక్క రీడరు చదివే బిళ్ల వేరు, 300 మీటర్ల చుట్టూ పదే పదే చెప్పుకునే పేరు వేరు. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కేనని సుప్రీంకోర్టు 2017లో పుట్టస్వామి కేసులో తేల్చింది కాబట్టి ఈ ప్రశ్నను దాటవేయడం కుదరదు.

సంగారెడ్డి జిల్లా కందిలోని ఐఐటీ హైదరాబాద్‌లో స్వయంచాలిత వాహనాల పరీక్షా క్షేత్రం టీహాన్ 2022లో ప్రారంభమైంది. సుజుకీతో కలిసి ఆ సంస్థ అంబులెన్సు రాకను, ఎదురుగా తప్పు దారిలో వస్తున్న వాహనాన్ని హెచ్చరించే సీ-వీటూఎక్స్ ప్రదర్శనలు కూడా ఇచ్చింది. ఇక్కడి రద్దీకి తగ్గ లెక్కలు వేరేగా ఉంటాయి. మోటార్‌సైకిళ్లు, ఆటోలు కూడా ఈ గొంతుకల్లో కలిస్తే సిగ్నల్ దగ్గర 300 వాహనాలు ఆగడం వింత కాదు. అంటే సెకనుకు 3,000 సంతకాలు. పైగా మోటార్‌సైకిల్ ధరలో భద్రతా చిప్‌కు ఎంత మిగులుతుంది?

క్వాంటం కంప్యూటర్ల ముందు

తగినంత పెద్ద క్వాంటం కంప్యూటర్ వస్తే ఈసీడీఎస్‌ఏ నిలవదు. ప్రసార సందేశంలో రహస్యం లేదు కాబట్టి ఈ రోజు దాచుకుని రేపు విప్పే బెడద తక్కువే. కానీ ఇప్పుడు అమ్మిన కారు పదిహేనేళ్లు రోడ్డు మీద ఉంటుంది, అన్నేళ్లూ దాని సంతకాన్ని ఎవరూ నకిలీ చేయలేకపోవాలి. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2024 ఆగస్టులో ఖరారు చేసిన ఎంఎల్-డీఎస్‌ఏ సంతకం కనీస స్థాయిలోనే 2,420 బైట్లు. ఫాల్కన్-512 సంతకం సుమారు 666 బైట్లు. 64 బైట్ల సంతకానికి అలవాటు పడిన, సగానికి పైగా కోతపడిన స్పెక్ట్రమ్‌లో వీటిని సెకనుకు పదిసార్లు మోయడం కష్టం. సీతాకోకచిలుక విస్తరణకు మరో ఇబ్బంది ఉంది: అది వక్రం మీది కూడికతో నడుస్తుంది, కొత్త గణితంలో ఆ కూడికను వేరే విధంగా నిర్మించుకోవాలి. లాటిస్ గణితం మీద అలాంటి రూపాన్ని సింప్లిసియో బృందమే 2018లో క్యూఎస్‌సీఎంఎస్ పేరుతో ప్రతిపాదించింది.